డప్పు మోగని పులివేషం

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో ముద్గల్ అనే కోట ఊరుంది. అక్కడ జరిగే మొహర్రం ఈ చుట్టుపక్కలంతా ప్రసిద్ధం. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా పీర్లకు మొక్కుకుంటారు. మొక్కు ఉన్నవాళ్లు ఒంటికి చారలు పూసుకుని పులివేషం కట్టడం ఈ సీమలో పాత ఆచారం. పులి రెండు వీధుల అవతల ఉండగానే డప్పు వినిపిస్తుంది. పిల్లలు పరుగున వచ్చి గడపలో నిలబడతారు. పులి దగ్గరికొచ్చేసరికి తల్లి కొంగు చాటుకు చేరి ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తారు. అది ఒక్క గెంతు ముందుకు వేస్తే కెవ్వుమంటారు, ఆ వెంటనే నవ్వుతారు, చివరికి దాని వెనకాలే వీధి మలుపు దాకా వెళ్తారు.

ముందు డప్పు, తర్వాత గెంతు, ఆ తర్వాత నవ్వు. ఈ వరసలోంచి డప్పును తీసేస్తే ఏమవుతుందో నిరుడు వేసవిలో మా ఇంట్లోనే చూశాను.

సెలవులకు మా తమ్ముడి కొడుకు రాయచూరు వచ్చాడు. పదేళ్లవాడు. మధ్యాహ్నప్పూట ఈ ఊరి ఎండలోకి పంపలేక కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. బ్రౌజర్లో ఏదో ఆట తెరిచాడు. ఏమిట్రా అంటే, "లెక్కల ఆట పెదనాన్నా, కూడికలూ తీసివేతలే" అన్నాడు. మా అమ్మ పక్కనే చాప మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. పావుగంట గడిచింది. ఉన్నట్టుండి స్పీకర్లలోంచి చెవులు చిల్లులు పడే మోత, తెర నిండా ఒక ముఖం. పిల్లవాడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆటలో ఏదో ఉందని స్నేహితులు వాడికి ముందే చెప్పారట. అమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒళ్లోని గిన్నె దొర్లిపోయింది. "ఏం పేలిందిరా?" అని రెండు మూడుసార్లు అడిగింది. అరగంట దాకా గుండె మీది చెయ్యి తియ్యలేదు.

ఆ ఆట పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి వందలున్నాయి. ఒకే మోత ఒకే గదిలో ఇద్దరి మీద రెండు విధాలుగా ఎందుకు పనిచేసిందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు ఈ ఆటల పుట్టుక, ఆ తర్వాత మన ఒంటి లోపలి తీరు తెలుసుకోవాలి.

ఆటలో ఇలా ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేయడాన్ని ఇంగ్లీషులో జంప్ స్కేర్ అంటారు. ఇంటర్నెట్ ఆటల్లో దీనికి బాగా తెలిసిన తొలి ఉదాహరణ 2003లో జెరెమీ వింటర్‌రౌడ్ చేసిన 'ది మేజ్'. లోకం దాన్ని స్కేరీ మేజ్ గేమ్ అని పిలిచింది. చూడటానికి అమాయకమైన ఆట. ఒక చుక్కను మౌస్‌తో పట్టుకుని గోడలకు తగలకుండా దారి చివరికి చేర్చాలి. తగిలితే మళ్లీ మొదటికి. తొలి దశలో దారి విశాలంగా ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది. మూడో దశకు వచ్చేసరికి ఆడేవాడు తెరకు ముక్కు ఆనేంతగా వంగుతాడు, చెయ్యి కదలకుండా బిగపట్టుకుంటాడు, ఊపిరి కూడా ఆపుకుంటాడు. సరిగ్గా అప్పుడు 1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్' సినిమాలోని దయ్యం పట్టిన అమ్మాయి ముఖం తెర నిండా విరుచుకుపడుతుంది, దానితో పాటే ఓ పెడకేక. ఆ దారి సన్నబడటంలోనే ఉంది పనితనమంతా. కేక దగ్గరికి చెవినీ, ముఖం దగ్గరికి కంటినీ ఆడేవాడే స్వయంగా తీసుకొచ్చి అప్పజెప్పాడు.

పదిహేనేళ్ల తర్వాత, 2018 మార్చిలో, మైకా మెక్‌గోనిగల్ అనే అమెరికన్ చేసిన 'బాల్డీస్ బేసిక్స్' ఇంకో మెట్టు ఎక్కింది. 1990ల్లో పిల్లల చదువు కోసం సీడీల మీద వచ్చిన ఆటలకు అది పేరడీ. బొమ్మలు మొరటుగా, గొంతులు బొంగురుగా కావాలనే చేశాడు. బాల్డీ అనే బట్టతల మాస్టారు చేతిలో స్కేలు పట్టుకుని స్వాగతం చెబుతాడు. బడిలో ఏడు నోటుబుక్కులు వెతికి తేవాలి, ఒక్కోదాంట్లో మూడు లెక్కలు. మొదటి పుస్తకం చిటికెలో పూర్తవుతుంది. రెండో పుస్తకంలో మూడో లెక్క మాత్రం అంకెలన్నీ కలగాపులగమై చదవడానికే వీల్లేకుండా ఉంటుంది. దానికి సరైన జవాబు రాయడం ఎవరి తరమూ కాదు. తప్పు రాగానే మాస్టారి నవ్వు మాయమవుతుంది, స్కేలు అరచేతికి కొట్టుకుంటూ వెంటపడతాడు. తప్పులు పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. దొరికిపోతే ముఖం మీదికి ముఖం, చెవులు పగిలే రొద, ఆట సరి. అసలు ఆట దిగుమతి చేసుకుని ఆడవలసినది. అది పేరు పొందాక బ్రౌజర్లోనే ఆడుకునే నకళ్లు పుట్టుకొచ్చాయి.

పేరడీ అంటే తెలుగు పాఠకుడికి, తెలిసిన కవితలకు పేరడీలు కట్టిన జరుక్ శాస్త్రి గుర్తుకొస్తాడు. తెలిసిన కవిత నడక వినబడగానే మనసు కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటుంది, నవ్వుకు సిద్ధమవుతుంది. పేరడీలో ఎవరికీ ఏ అపాయమూ ఉండదన్నది కవికీ పాఠకుడికీ మధ్య ఉన్న ఒప్పందం. లోపల ఉలికిపాటును దాచుకున్న పేరడీ ఆట ఆ నమ్మకాన్నే వాడుకుంటుంది. బడి, పలక, కూడికలు, పిచ్చి బొమ్మలు. వీటిని చూసి ఎవరు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు?

ఇక ఒంటి సంగతి. ఉలికిపాటూ భయమూ ఒకటే అనుకుంటాం. కాదు. భయానికి కారణం తెలియాలి, దాన్ని మనసు తూచాలి. ఉలికిపాటుకు ఆ అవసరం లేదు. మోకాలి కింద సుత్తితో తడితే కాలు లేచినట్టే అదీ ఒక అసంకల్పిత ప్రతీకార చర్య. 1939లో కార్నీ లాండిస్, విలియం హంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనుషుల వెనక పిస్తోలు పేల్చి, అతివేగ కెమెరాలతో చిత్రించి, ఈ చర్య రూపాన్ని పుస్తకంగా వెలువరించారు. ముందు కళ్లు మూసుకుంటాయి. తల ముందుకు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి, పిడికిళ్లు బిగుస్తాయి, పొట్ట లోపలికి పోతుంది, మోకాళ్లు కొంచెం వంగుతాయి. వెనకనుంచి దెబ్బ పడబోతే కళ్లనూ మెడనూ కడుపునూ కాచుకోవడానికి ఇంతకన్నా మంచి భంగిమ లేదు. సాధారణంగా అరసెకను లోపే అంతా జరిగిపోతుంది.

వేగం గమనించండి. పెద్ద మోత చెవిన పడ్డాక మనిషి కనురెప్ప కండరం కదలడానికి పట్టేది సెకనును వెయ్యి భాగాలు చేస్తే సుమారు ముప్ఫై నుంచి యాభై భాగాలు. మోత వినగానే మీట నొక్కమని మనిషికి చెప్పి పెట్టినా, నొక్కడానికి నూట యాభై భాగాల దాకా పడుతుంది. అంటే మనసు 'ఏమిటది?' అని అడిగేలోపే ఒళ్లు జవాబు చెప్పేసింది. దారి చాలా పొట్టిది కాబట్టే ఈ వేగం. 1980ల నుంచి మైకేల్ డేవిస్ ప్రభృతులు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో ఆ దారి బయటపడింది. చెవిలోని కర్ణావర్తం నుంచి వచ్చిన వార్త మెదడు కాండంలో, పాన్స్ అనే భాగపు దిగువన ఉన్న పెద్ద నాడీకణాలకు చేరుతుంది. అక్కడినుంచి నేరుగా వెన్నుపాములోకి, కండరాలకు. ఆలోచన పుట్టే పెద్ద మెదడుకు ఈ దారిలో చోటే లేదు.

సంకల్పంతో దీన్ని ఆపగలమా? చార్లెస్ డార్విన్ ప్రయత్నించాడు. లండన్ జంతు ప్రదర్శనశాలలో విషసర్పం ఉన్న దళసరి గాజు పెట్టెకు ముఖం దగ్గరగా పెట్టి, అది కాటు వేయబోయినా కదలకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాడు. పాము కాటుకు విసురుగా రాగానే గజం రెండు గజాలు వెనక్కి గెంతాడు. 1872లో భావోద్వేగాల మీద వెలువరించిన పుస్తకంలో ఆ ఓటమిని నిజాయితీగా రాశాడు. మన వేదాంతులు చీకట్లో తాడును చూసి పామనుకోవడాన్ని భ్రాంతికి దృష్టాంతంగా చెబుతారు. దీపం తెస్తే భ్రాంతి పోతుందంటారు, నిజమే. అయితే దీపం వచ్చేలోపు కాలు వెనక్కి పడనే పడింది. కృష్ణా తుంగభద్రల నడుమ వరిమళ్లకు రాత్రిపూట నీళ్లు కట్టే రైతుకు ఆ వెనక్కి పడిన కాలు ప్రాణం. పదిసార్లు తాడుకు బెదిరినా నష్టం లేదు, ఒక్కసారి పాముకు బెదరకపోతే మిగిలేది లేదు. ఉలికిపాటును ప్రకృతి ఇన్ని కోట్ల ఏళ్లుగా కాపాడుకొచ్చింది అందుకే.

1985లో పాల్ ఎక్‌మన్, అతని సహచరులు ఇంకో మెలిక పరీక్షించారు. ఖాళీ తూటా ఎప్పుడు పేలుతుందో ముందే చెప్పి పేల్చారు. తెలిసినా మనుషులు ఉలిక్కిపడ్డారు, తీవ్రత మాత్రం తగ్గింది. ఆపుకోమన్నా పూర్తిగా ఆపుకోలేకపోయారు. దొంగ ఉలికిపాటు నటించమంటే సరిగ్గా నటించనూ లేకపోయారు. మా అమ్మ కావాలని బెదరలేదు, మా వాడు ధైర్యస్థుడు కావడం వల్ల నవ్వలేదు. మొదటి అరసెకనులో ఇద్దరూ ఒకే పని చేశారు. తేడా అంతా తర్వాతే వచ్చింది.

ఇప్పుడు ఆట తయారుచేసేవాళ్లు ఈ యంత్రాంగాన్ని ఎలా వాడుకుంటారో చూద్దాం. శబ్దం ఎంత పెద్దదన్నది ఒకటే కాదు, ఎంత తొందరగా పెద్దదైందన్నది ముఖ్యం. రాయచూరు స్టేషన్లో దూరంనుంచి వస్తున్న రైలు మోత ప్లాట్‌ఫారం అదిరేంతగా పెరిగినా పక్కన నిద్రపోతున్న పసిపిల్ల కదలకపోవచ్చు. అదే ఇంజను పక్కకొచ్చి హారన్ కొడితే పెద్దవాళ్లే ఎగిరిపడతారు. అందుకే ఆటల్లో కేక సున్నానుంచి శిఖరానికి ఒక్క గెంతులో చేరుతుంది. కేక రకాన్ని కూడా ఎంచుకుంటారు. 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం మనుషుల అరుపులను విడదీసి చూస్తే, వాటిలో ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్ల దాకా హెచ్చుతగ్గులవుతూ ఒక గరుకుదనం ఉందని తేలింది. మామూలు మాటల్లో అది ఉండదు. అలారం మోతల్లో ఉంది. వినేవాడి మెదడులో బాదంగింజ ఆకారపు అమిగ్డలా ఆ గరుకుదనానికి చురుగ్గా స్పందించింది.

కంటికి కూడా ఇలాంటిదే ఒక బలహీనత ఉంది. 1962లో కోతుల ముందు ఒక తెర పెట్టి, దాని మీద నీడను గబగబా పెద్దది చేస్తే అవి వెనక్కి దూకాయి. అదే నీడ చిన్నదవుతూ పోతే పట్టించుకోలేదు. మీదికొచ్చే వస్తువు కంటిలో అలాగే పెరుగుతుంది మరి. తెర నిండా పెరిగే ముఖం పని అదే. కంప్యూటరు తెర మామూలుగా సెకనుకు 60 బొమ్మలు మారుస్తుంది. ఖాళీ నడవ నుంచి నిండు ముఖానికి మారడానికి ఒక్క బొమ్మ చాలు, సెకనులో అరవయ్యో వంతు.

బాల్డీ ఆటలో స్కేలు చప్పుడుకు ఇంకా లోతైన పనుంది. 1951లో బ్రౌన్, కాలిష్, ఫార్బర్ అనే పరిశోధకులు ఎలుకలకు ఒక సంకేతం చూపి, ఆ వెంటనే విద్యుత్ దెబ్బ తగిలించి అలవాటు చేశారు. తర్వాత ఆ సంకేతం ఉన్నప్పుడు పెద్ద శబ్దం చేస్తే ఎలుకలు మామూలుకన్నా ఎక్కువగా ఎగిరిపడ్డాయి. ఎదురుచూపులోని భయం మెదడు కాండం మీటను అమిగ్డలా ద్వారా ఎక్కువ స్థాయికి తిప్పి పెడుతుందని తర్వాత రుజువైంది. స్కేలు టప్ టప్ మంటూ దగ్గరవుతుంటే ఆడేవాడిలో జరిగేది సరిగ్గా ఇదే. బెత్తం దెబ్బలు తిని చదువుకున్న మా తరానికి ఆ చప్పుడు ఇంకొంచెం ఎక్కువే వినిపిస్తుంది. చీకటి కూడా మనుషుల ఉలికిపాటును పెంచుతుందని 1997లో క్రిస్టియన్ గ్రియోన్ బృందం చూపింది. రాత్రిపూట దీపం ఆర్పి ఆడే కుర్రాళ్లకు ఇది శాస్త్రం చెప్పకపోయినా తెలుసు.

ఇలాంటప్పుడు మొహర్రం డప్పు మాత్రం చేసేదేమిటన్న సందేహం రావాలి. అదీ ఎదురుచూపును పెంచుతుంది కదా? పెంచుతుంది. పులి వచ్చేసరికి పిల్లల గుండెలు దడదడలాడుతూనే ఉంటాయి. కానీ డప్పు దాంతోపాటే ఇంకొకటి ఇస్తుంది. పులి ఏ వైపునుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో చెబుతుంది. గడపలో నిలబడాలా, లోపలికి పోయి తలుపేసుకోవాలా అన్నది వినేవాళ్లకే వదిలేస్తుంది. పసిబిడ్డ తల్లి లోపలికి పోతుంది, జ్వరంతో పడుకున్న మనిషి కిటికీ మూయిస్తాడు.

బ్రౌజర్ తయారుచేసేవాళ్లు కూడా ఒక దశలో ఇలాంటి గడప కట్టారు. 2018 ఏప్రిల్లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, మనం ఒక పేజీని తాకకముందే అందులోని వీడియో తనంతట తాను శబ్దంతో మోగడాన్ని చాలామటుకు ఆపేశారు. ఒక్క నొక్కు నొక్కితే అది అనుమతి కింద లెక్క. ఆట దగ్గరికొచ్చేసరికి ఆ గడప నిలవదు. 'మొదలుపెట్టు' అన్న మీట నొక్కకుండా ఆట లేదు, నొక్కగానే ధ్వనికి అనుమతి ఇచ్చినట్టే. కూడికలకిచ్చిన అనుమతి కేకకు కూడా చెల్లిపోతుంది. నా దృష్టిలో ఇది అనుమతి కాదు.

ఈ ఆటలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. భయంలో నిజమైన ఆనందం ఉంది. 2020లో మార్క్ మాల్మ్‌డార్ఫ్ ఆండర్సన్, మతియాస్ క్లాసెన్ బృందం డెన్మార్క్‌లోని ఒక భూత్ బంగళాకు వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి లోపలికి పంపింది. మరీ తక్కువ భయపడ్డవాళ్లకు ఆనందం తక్కువ, మరీ ఎక్కువ భయపడ్డవాళ్లకూ తక్కువే. మధ్యస్థంగా భయపడ్డవాళ్లే బాగా ఆనందించారు. ఆ మధ్యస్థం మనిషి మనిషికీ మారుతుంది. మా తమ్ముడి కొడుకు దాని నడుమ ఉన్నాడు, ఏదో రాబోతోందని తెలిసి, పక్కన ఇంటివాళ్లు ఉండగా ఆడాడు. అధివృక్క గ్రంథులు రక్తంలోకి వదిలిన అడ్రినలిన్ వాడికి పులకింతగా మిగిలింది. అదే అడ్రినలిన్ మా అమ్మకు దడగా మిగిలింది. ఇంకో తేడా, ఆ 110 మందీ భూత్ బంగళా అని తెలిసే వెళ్లారు. మా అమ్మ గోరుచిక్కుడు తుంచడానికి కూర్చుంది.

కొందరికి ఇది దడతో పోయే విషయం కూడా కాదు. పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ అనే గుండె జబ్బులో గుండె ప్రతిసారీ కొట్టుకున్నాక తిరిగి సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందులో రెండో రకం ఉన్నవాళ్లకు అలారం, టెలిఫోన్ గంట వంటి హఠాత్తు శబ్దాల వల్ల గుండె లయ ప్రమాదకరంగా తప్పడం వైద్యశాస్త్రం 1990ల నుంచి గుర్తించిన సంగతి. బయటికి వాళ్లు సంపూర్ణ ఆరోగ్యంగా కనిపిస్తారు, చాలామందికి జబ్బు ఉన్నట్టే తెలియదు. హైపరెక్‌ప్లెక్సియా అనే అరుదైన జన్యులోపం ఉన్నవాళ్లకు చిన్న చప్పుడుకే ఒళ్లు కొయ్యబారుతుంది, నిలువునా కింద పడతారు. నాడీకణాలకు పగ్గం వేసే గ్లైసిన్ గ్రాహకంలోని లోపం దీనికి ఒక ముఖ్య కారణమని 1993లో కనుగొన్నారు. ఉలికిపాటు మనలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందనీ, ఆ పగ్గమే దాన్ని పట్టి ఉంచుతుందనీ ఈ జబ్బు వల్ల అర్థమైంది. ప్రమాదంలోనో గొడవల్లోనో చావును చూసి వచ్చినవాళ్లలో కొందరికి ఉలికిపాటు ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండిపోతుంది. చప్పుడుతో పాటు వేసే వెలుగుల మెరుపులు ఇంకొక అపాయం. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక పోకెమాన్ కార్టూన్ భాగంలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మెరిస్తే దాదాపు 685 మందిని ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. వెబ్ పేజీల్లో ఏ సెకనులోనూ మూడుకు మించి మెరుపులు ఉండకూడదని నేటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కేకలకు అలాంటి కొలత వాటిలో లేదు.

ఊళ్లలో తేలిగ్గా ఉలిక్కిపడే మనిషి ఒకరుంటారు. వెనకనుంచి 'భౌ' అని అరిచి, ఆ మనిషి ఎగిరిపడితే చుట్టూ నవ్వడం ఒక కాలక్షేపం. మలేసియాలో ఇలాంటివాళ్లను లాతా అంటారు, వాళ్లను పదేపదే బెదిరించి ఆడించడం అక్కడా ఉంది. మనిషి సంకల్పానికి అందని అరసెకనును పట్టుకుని నవ్వుకోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇప్పుడది ఒక్క లింకు పంపితే సరిపోయే పనైంది. పంపినవాడికి అవతలివాడి గుండె ఎలాంటిదో, పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు.

రాయచూరులో ఇప్పుడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2019లో హైదరాబాదు ఐఐటీ పర్యవేక్షణలో, సంగారెడ్డి జిల్లా కందిలోని ఆ ఆవరణలోనే తరగతులు మొదలుపెట్టి తర్వాత సొంత ఊరికి వచ్చిన సంస్థ. తెలుగు, కన్నడ పిల్లలు అక్కడా, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ సరదాకు బ్రౌజర్ ఆటలు రాస్తూనే ఉంటారు. వాళ్లకు ఒక మనవి. పేరడీ రాయండి, ఉలికిపాటూ పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు అన్నది రహస్యంగానే ఉంచండి. ఉందన్న సంగతి మాత్రం దాచకండి. మొదటి పేజీలోనే, మీట నొక్కకముందే, పెద్ద అక్షరాలతో రాయండి. అసలు కేక ఎంత మోత మోగుతుందో అంత మోతనూ ముందు మెల్లగా పెంచి వినిపించి, వాల్యూమ్ సరిచేసుకోమనండి. కేకలూ మెరుపులూ తీసేసి ఆడుకునే వీలు ఒకటి కల్పించండి. ప్రోగ్రాములో అది కొద్ది వరసల పని.

పాఠకులకూ ఒక మాట. మీకు ఇలాంటి ఆట నచ్చి ఎవరికైనా పంపుతుంటే, లింకు పైన 'ఇందులో ఉన్నట్టుండి పెద్ద కేక ఉంది, ఒంటరిగా వినండి' అని రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉంటే స్పీకర్లు ఆపేశాకే తెరవండి.